దుప్పటికి రెండో కొస

బ్యాగులో ఏదైనా పెట్టేముందు దాన్ని తిరగేసి దులపడం పెద్దమ్మ అలవాటు. ఆ పొద్దున్న కూడా వెనక మెట్టు మీద నిలబడి, బ్యాగు అడుగు పైకెత్తి, అరచేత్తో గట్టిగా కొట్టింది. ఏమీ రాలలేదు. కిందటి ప్రయాణం అయ్యాక తనే దాన్ని ఉతికి, ఎండబెట్టి, మడిచి అటక మీద పెట్టింది. ఆ సంగతి తనకు గుర్తుంది. అయినా ఇంకో దెబ్బ కొట్టి, లోపలికి తొంగి చూసి, అప్పుడు తెచ్చి మంచం మీద పెట్టింది.

మందపాటి ఖాకీ గుడ్డ బ్యాగు అది. వెల్డింగు రవ్వలు పడి చిల్లులు పడ్డచోటల్లా లోపలివైపు నుంచి అతుకులు వేసి ఉన్నాయి. అతుకులన్నీ పెద్దమ్మ కుట్టినవే. బొమ్మలు నిలబెట్టడానికి చిన్నమ్మ ఏ ఊరు వెళ్ళినా ఆ బ్యాగే వెంట వెళ్ళింది. తిరిగొచ్చాక దులిపితే అడుగు నుంచి ఆ ఊరు కొంచెం రాలేది. రేవున్న ఊరి నుంచి తెల్లటి ఇసుక. పెద్దాసుపత్రి ఉన్న ఊరి నుంచి ఎర్రమట్టి. వంతెన ఉన్న ఊరి నుంచి ఒక పావురం ఈక. ఆ ఊళ్ళ గురించి పెద్దమ్మకు తెలిసింది అంతే.

ఇద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఇంటి వెనక షెడ్డులో గేట్లూ నీళ్ళ ట్యాంకులూ చేసేవాళ్ళు. చిన్నకోడలు మిగిలిపోయిన రేకు ముక్కలతో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడా షెడ్డులో గేట్లు లేవు, ట్యాంకులు లేవు. పనివాళ్ళు వాళ్ళిద్దర్నీ పెద్దమ్మ, చిన్నమ్మ అంటారు. వీధి కూడా అలాగే అంటుంది.

నల్లద్దాలు, తోలు చేతితొడుగులు, మోకాలి పట్టీ, కాలిన గాయాలకు రాసే మందు, తలకు చుట్టుకునే నూలుగుడ్డ. పెద్దమ్మ చేతులు వాటంతటవే ఒక్కొక్కదాన్నీ వాటి చోట్లో పెట్టుకుంటూ పోయాయి. తన బట్టల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. ముందు పైన పెట్టింది. తీసేసి అడుగున పెట్టింది. మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నేనెందుకే ఇప్పుడు?" అంది.

చిన్నమ్మ గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది. చెప్పవలసినదంతా కిందటి నెలే చెప్పింది. ముందు అత్తగారి మంచం, తరవాత పిల్లల చదువులు, తరవాత బావగారి జబ్బు. ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఉండవలసిన పని ఉండేది, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ పెద్దమ్మే అయ్యేది. బావగారు పోయి ఏడాది దాటింది. "ఇప్పుడు నువ్వు ఎవరికోసం ఆగాలక్కా?" అని చిన్నమ్మ అడిగేసి, వెంటనే నాలుక కరుచుకుంది. పెద్దమ్మ మాత్రం ఆ మాటకు నొచ్చుకోలేదు. చాలాసేపు ఆలోచించి, కొత్త చెప్పులు కొనుక్కోవాలంది.

చిన్నమ్మకు ఇంకో కారణం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. షెడ్డు కప్పు ఎత్తు తక్కువ. అందుకని ఏ బొమ్మా అక్కడ నిలబడలేదు. కాళ్ళొకచోట, మొండెం ఒకచోట, తల ఇసుక బస్తా మీద బోర్లా, అన్నీ పడుకునే తయారయ్యేవి. వెళ్ళిన ఊళ్ళో క్రేను ఎత్తితేనే మొదటిసారి లేచి నిలబడేవి. ఒకరోజు షెడ్డు ఊడుస్తూ పెద్దమ్మ ఒక ఇనుప పాదం దగ్గర చీపురు ఆపి, "ఇది ఎవరి కాలే?" అని అడిగింది. అప్పుడు తట్టింది చిన్నమ్మకు, ఇన్నేళ్ళలో తన బొమ్మ ఒక్కటైనా నిలబడి ఉండగా ఈ మనిషి చూడలేదని.

ఆ కాలు ఎవరిదో అప్పుడు చెప్పలేదు. నిలబెట్టి చూపిద్దామనుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెడుతున్నట్టు బొమ్మ. బస్‌ స్టాండు ముందు పెట్టడానికి అడిగారు. ఆ రెండో మనిషి పెద్దమ్మే. ఈ సంగతి చిన్నమ్మకూ, వెల్డింగు మేస్త్రికీ తప్ప ఎవరికీ తెలియదు. తను ఇకమీద ఇంత పెద్ద పని ఒప్పుకోలేనని చిన్నమ్మకు తెలుసు. నిచ్చెనెక్కితే మోకాళ్ళు వణుకుతున్నాయి, సాయంత్రానికి కళ్ళు మసకలేస్తున్నాయి.

బొమ్మ ముక్కలతో లారీ, మేస్త్రి, కుర్రాళ్ళు ముందే వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరూ బస్సులో వెళ్ళాలి. ఇల్లు చూసుకోవడానికి ఈసారి చిన్నమ్మ భర్త మిగిలాడు.

"వదినా, నువ్వెళ్ళిపోతే ఉప్పెక్కడుందో నాకెవరు చెప్తారు?" అన్నాడు.

"సీసా మీద ఉప్పని రాసుంది. చదువుకున్నవాడివేగా."

వీధి చివరిదాకా వెళ్ళాక పెద్దమ్మకు వెనక తలుపు గడియ మీద అనుమానం వచ్చింది. ఇంట్లో మనిషున్నాడని చిన్నమ్మ చెప్పింది. మనిషున్నాడు కాబట్టే అనుమానమని పెద్దమ్మ వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది.

*

బస్‌ స్టాండు ముందు జాగా విశాలంగానే ఉంది. బస్సులు ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కనుంచి పోతున్నాయి. మధ్యలో సిమెంటు దిమ్మ. దిమ్మ పక్కన టార్పాలిన్ల కింద, ముక్కలు అతికిన బొమ్మలు పడుకుని ఉన్నాయి. మేస్త్రి వాటి పక్కనే ఒక కాలువ గొట్టం మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు. కొత్త మురుగుకాలువ కోసం తెచ్చి పడేసిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు అవి. వీళ్ళు దగ్గరికి వచ్చినా లేవలేదు. ఆ లేవకపోవడంలోనే చిన్నమ్మకు ఏదో తేడా కనిపించింది.

"దిమ్మ చూడు చిన్నమ్మా," అన్నాడు మేస్త్రి.

చూస్తే ఉండవలసిన పొడుగు లేదు. ఒక చివర కొట్టేసి, సిమెంటు గిలాబా చేసి, అక్కడ ఒక కొత్త కొట్టు కట్టారు. ఇంకా తెరవలేదు. షట్టరు మీద నీలం రంగు తడి ఆరలేదు. చిన్నమ్మ టేపు తీసి కొలిచింది. మేస్త్రి అప్పటికే కొలిచాడని తెలిసీ మళ్ళీ కొలిచింది. దుప్పటి మూడు రేకులుగా తయారైంది. రెండు చివర రేకులు బొమ్మల చేతుల్లో ఉంటాయి, నడిమి రేకు ఇక్కడ అతకాలి. సరిగ్గా ఆ నడిమి రేకంత మేర దిమ్మ తగ్గిపోయింది.

ఇంజనీరు చిన్నవాడు, మర్యాదస్తుడు. పెద్దమ్మకు కుర్చీ తెప్పించాడు. కొట్టు ఎవరికో పైనుంచి ఇప్పించారని, అది తన చేతుల్లో లేదని, ముందే చెబుదామనుకుంటూనే రోజులు గడిచిపోయాయని చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ నేలచూపులే చూశాడు. క్రేను మర్నాటి సాయంత్రం దాకే తమ దగ్గర ఉంటుంది. ఆలోగా బొమ్మ నిలబడకపోతే దిమ్మ మీద గడియారం పెట్టాలని ఇంకో కాగితం తయారుగా ఉందట. దారి లేకపోలేదని కూడా అన్నాడు.

"ఒక్క బొమ్మ పెట్టేద్దాం మేడమ్. ఆవిడ దుప్పటి పట్టుకుని ఉంటారు. రెండో కొస ఒక స్తంభానికి బిగించేద్దాం. రెండో బొమ్మకి స్టోరులో చోటు చూశాను, తాళం కూడా తెప్పించాను."

"స్తంభానికి కడితే దాన్ని దండెం అంటారు సార్," అన్నాడు మేస్త్రి.

ఇంజనీరు నవ్వలేదు. స్టోరుకి ఏ బొమ్మ వెళ్తుందని చిన్నమ్మ అడిగింది. అతను టార్పాలిన్లు కొంచెం ఎత్తి చూసి, రెండో బొమ్మ దగ్గర ఆగాడు. ఈవిడ గడ్డం కింద దుప్పటి నొక్కిపెట్టుకుని తల వంచుకుని ఉన్నారు, ముఖం సరిగా కనబడదు, ఈవిణ్ణే స్టోరులో పెడదాం అన్నాడు.

నడిమి రేకు వదిలేసి రెండు బొమ్మలూ పెడితే ఏమవుతుందో చిన్నమ్మకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు. ఆ ఇద్దరూ దుప్పటిని బిగువుగా లాగి పట్టడానికి వెనక్కి వాలి ఉన్నారు. ముందు కాలు తన్నిపెట్టి ఉంది. మధ్యలో పొడుగు లేకపోతే, కురచ గుడ్డ కోసం కొట్టుకుంటున్నట్టు ఉంటారు. మేస్త్రి కూడా అదే అన్నాడు. "చూసినవాళ్ళు తోడికోడళ్ళు అనుకుంటారు," అని, పెద్దమ్మ కుర్చీ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. పెద్దమ్మ మాత్రం పకపకా నవ్వింది.

చిన్నమ్మ నవ్వలేకపోయింది. పొద్దున్న చెబుతానని ఇంజనీరుతో అంది. వెళ్ళబోతూ టార్పాలిన్‌ అంచు పెద్దమ్మ కంట పడకుండా కిందికి లాగి, దాని మీద రాయి పెట్టింది. ఇన్నేళ్ళ తరవాత ఆవిణ్ణి ఇంట్లోంచి కదిలించి తెచ్చింది, ఆవిడ బొమ్మని స్టోరులో పెట్టి తాళం వేస్తుంటే చూపించడానికా? కోపమొస్తే చిన్నమ్మకు మాట రాదు, చేతులు మాత్రం ఊరుకోవు. దారిపొడుగునా బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ నడిచింది.

*

లాడ్జి గది ఇరుకు. రెండు మంచాలు, ఒక బీరువా, తలుపు. లాడ్జి దుప్పట్ల మీద పెద్దమ్మకు నమ్మకం లేదు. ఇంటి నుంచి తన దుప్పటి తెచ్చుకుంది. రాత్రి చిన్నమ్మ ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు. లేచేసరికి బాగా వెలుగొచ్చింది, బల్ల మీద టీ ఉంది, పెద్దమ్మ స్నానం చేసి తయారై దుప్పటి కొసలు పట్టుకుని నిలబడి ఉంది.

"లే. ఆ కొస పట్టు."

ఇంట్లో ఈ పని పెరట్లో చేసేవాళ్ళు. దుప్పటికి కావలసినంత జాగా ఉండేది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, వెనక్కి వాలి, బిగువుగా లాగి ఒక్కసారి విదిలిస్తే దుప్పటి చప్పుడు చేసేది. ఆ చప్పుడు, ఆ బిగువు, ఆ దూరం, అవే తను ఇనుములోకి తెచ్చింది. ఇక్కడ చిన్నమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసేసరికి మడమ తలుపుకు కొట్టుకుంది. పెద్దమ్మ వీపు అప్పటికే బీరువాకు ఆనుకుంది. దుప్పటి మధ్యలో వేలాడుతోంది.

"ఇంకొంచెం వెనక్కి పో."

"ఎక్కడికి పోనక్కా? తలుపుంది."

"అయితే ఇటు రా."

చిన్నమ్మ తన కొసలు పైకెత్తి ముందుకు నడిచింది. దుప్పటి నడుము జారి నేలకు దిగింది. పెద్దమ్మ ఎప్పటిలాగే తన అంచు మధ్యను గడ్డం కింద నొక్కిపెట్టుకుని, ఖాళీ అయిన చేతులు ముందుకు చాపింది, చిన్నమ్మ తెచ్చే కొసలు అందుకోవడానికి.

"కదలకు," అంది చిన్నమ్మ.

గడ్డం కింద దుప్పటి ఉండటంతో పెద్దమ్మ మాట్లాడలేకపోయింది. కళ్ళతోనే ఏమిటని అడిగింది. చిన్నమ్మ కిందికి చూస్తోంది. తన ముందు కాలు, పెద్దమ్మ ముందు కాలు. ఇనుములో తను ఆ కాలు తన్నిపెట్టడానికి చేసింది. ఇక్కడ అదే కాలు, అదే వంపు, అదే వేళ్ళ బిగింపు, ముందుకు అడుగేస్తోంది. తేడా అంతా నడుము దగ్గర ఉంది. వెనక్కి వాలితే లాగుతున్న మనిషి. నిటారుగా వస్తే దగ్గరకు వస్తున్న మనిషి.

చిన్నమ్మ దుప్పటి కొసలు వదలకుండానే నేల మీద కూచుంది. ఒంగి పెద్దమ్మ మడమ చూసింది. మడమ నేలకు ఆనలేదు. కొంచెం పైకి లేచి ఉంది. ఆ లేచినదాని కింద తన వేళ్ళు పెట్టి ఎత్తు చూసుకుంది.

"ఏం పోయింది?" అంది పెద్దమ్మ, గడ్డం కదపకుండా, దుప్పటిలోంచి.

"ఏమీ పోలేదు. దొరికింది. ఇంకాసేపు అలాగే ఉండు."

"టీ చల్లారిపోతుందే."

*

మేస్త్రి మొత్తం విన్నాడు. తల గోక్కున్నాడు. దిమ్మ చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, నడిమి రేకు వంచాలంటే షెడ్డులో రోలరు కావాలన్నాడు. చిన్నమ్మ అతను కూచున్న సిమెంటు గొట్టం వైపు చూసింది. అతనూ దాని వైపే చూశాడు. లేచి నిలబడి, ఇంతసేపూ దీనిమీదే కూచున్నానన్నాడు.

స్టీలు రేకును గొట్టం మీద అడ్డంగా పరిచి, మధ్య సరిచూసి, గీతలు పడకుండా కింద గోనెసంచులు వేశారు. రెండు చివరలకూ గొలుసులు బిగించి నేలలోకి దిగగొట్టిన కడ్డీలకు తగిలించారు. కుర్రాళ్ళు చెరో పక్కా గొలుసు యంత్రం తిప్పుతుంటే రేకు మూలుగుతూ వంగింది. కావలసినంత వంగాక మేస్త్రి ఆపమన్నాడు. ఇంకా అంది చిన్నమ్మ. వదిలితే రేకు కొంత వెనక్కి తిరుగుతుంది, దానికి ఇష్టమైనంత దానికి వదలాలి. ఇంకో రెండు పళ్ళు తిప్పారు. గొలుసు విప్పగానే రేకు నిట్టూర్చినట్టు కొంచెం తెరుచుకుని, ఆగిపోయింది. చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి ఆ వంపు లోపల అరచేత్తో నిమిరింది. పొద్దున దుప్పటి నడుము జారినప్పటి వంపు అదే.

ఇంకోపక్క మేస్త్రి దిమ్మలో బోల్టులకు కొత్త రంధ్రాలు తొలిచాడు. మడమల కింద పెట్టడానికి ఇనుప పట్టీ ముక్కలు కోసి, ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా చెక్కాడు. ఎంత మందమని అడిగితే చిన్నమ్మ తన వేళ్ళు చూపించి, దానికి ఇంతింతలని లెక్క చెప్పింది. పెద్దమ్మ నీలం కొట్టు నీడలో కూచుని అందరికీ నీళ్ళందించింది. మధ్యమధ్య లేచి వెళ్ళి కుర్రాళ్ళను కళ్ళకు అద్దాలు పెట్టుకోమని కోప్పడింది. ఇంజనీరు ఒకసారి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి, వాళ్ళకు పొడుగాటి కరెంటు తీగె ఒకటి పంపించాడు.

మధ్యాహ్నం దాటాక క్రేను మొదటి బొమ్మను ఎత్తింది. తల పైకెత్తి, రెండు చేతులూ ముందుకు చాపిన మనిషి. దిమ్మ మీద దించి, మడమల కింద పట్టీలు దూర్చగానే, వెనక్కి వాలి ఉన్న మనిషి మెల్లగా ముందుకు వచ్చింది. మేస్త్రి నోట్లోంచి బీడీ తీశాడు.

తరవాత రెండో బొమ్మ. టార్పాలిన్‌ పడిపోయింది. క్రేను తాడు బిగిసింది. పడుకున్న మనిషి ముందు భుజాలు లేపింది, తరవాత వీపు, తరవాత మోకాళ్ళు. కాసేపు గాలిలో అటూ ఇటూ తిరిగి, దిమ్మ మీదికి దిగి, నిలబడింది. తల వంచి, గడ్డం కింద దుప్పటి అంచు నొక్కిపెట్టుకుని, ఎదుటి మనిషి తెస్తున్న కొసల కోసం చూస్తోంది. ఇంజనీరు అన్నట్టు దూరం నుంచి ముఖం కనబడదు. దిమ్మ కింద నిలబడి పైకి చూసేవాళ్ళకు పూర్తిగా కనబడుతుంది.

పెద్దమ్మ నీళ్ళ చెంబు పట్టుకునే దిమ్మ కిందికి నడిచి వచ్చింది. పైకి చూసింది. చాలాసేపు చూసింది. ఒక బస్సు వచ్చి జనాన్ని దించి వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఏదో చెబుదామని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. దానికి మాటలు కూడా కూర్చుకుంది. ఇప్పుడు అవన్నీ వదిలి చేతితొడుగులు విప్పి మళ్ళీ వేసుకుంది.

పెద్దమ్మ చూపు పైనుంచి కిందికి దిగుతూ పాదాల దగ్గర ఆగింది. ఇనుప చెప్పు మడమ ఒక పక్కకి అరిగి ఉంది. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. సన్నటి కడ్డీని వంచి చేసిన పిన్నీసు.

"పిన్నీసు కూడానా," అంది. తన కాళ్ళకేసి చూసుకుంది. "సరిగ్గా ఇవాళే కొత్తవి వేసుకొచ్చాను చూడు."

మేస్త్రి వెనక్కి తిరిగి గట్టిగా దగ్గాడు. కుర్రాళ్ళు నవ్వారు. పెద్దమ్మ వంగి ఆ ఇనుప పిన్నీసును చూపుడువేలితో తాకి, వేడిగా ఉందేమోనన్నట్టు వెంటనే తీసేసింది. మళ్ళీ తాకింది. అప్పుడు మళ్ళీ తల పైకెత్తింది.

"నిలబడితే ఇంత ఎత్తుంటాయా నీ బొమ్మలు?"

"కొన్ని ఇంకా ఎత్తుంటాయక్కా."

"రేవున్న ఊరికి వెళ్ళిన ఆ చేప?"

"చేప దీనికి రెట్టింపు."

"నా కంటికి అది పొలుసులే. రోజూ షెడ్డులో పొలుసులు ఏరి గోడవారగా పేర్చేదాన్ని. ఆ ఆసుపత్రి కుండ? ఆ వంతెన పక్షులు?"

చిన్నమ్మ చెబుతూ పోయింది. పెద్దమ్మ వింటూ పోయింది. తను చేసిన ప్రతి బొమ్మ చుట్టూ చీపురుతో ఊడ్చిన మనిషికి, ఆ బొమ్మ ఎంత ఎత్తో ఇప్పుడు చెబుతోంది.

సాయంత్రానికి నడిమి రేకు రెండు పక్కలా అతికారు. ఇంజనీరు వచ్చి దిమ్మ చుట్టూ నడిచాడు. కొట్టు దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి చూశాడు. అతని చేతులు రెండూ తెలియకుండానే ముందుకు చాచుకుని, ఏదో అందుకోబోయినట్టు ఆగాయి. సిగ్గుపడి జేబులో పెట్టుకున్నాడు. జేబులోంచి స్టోరు తాళం తీసి, ఇది స్టోరువాళ్ళకి తిరిగిచ్చేస్తానన్నాడు.

*

అతుకులు రుద్ది, నునుపు చేసి, పైపూత వెయ్యడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ పెద్దమ్మ, రేవున్న ఊరికి ఇక్కడి నుంచే బస్సుందిట అంది. విచారణ కిటికీ దగ్గర తనే అడిగిందట. అక్కడి నుంచి పెద్దాసుపత్రి ఊరికి, అక్కడి నుంచి వంతెన ఊరికి ఎలా వెళ్ళాలో కూడా ఆ కిటికీలో మనిషి చెప్పాడట. మంచివాడట.

"అయితే పని అవగానే ఇద్దరం వెళ్దాం."

"పని అయ్యాక నీకు ఇంకో పని వస్తుంది. నేను వెళ్ళొస్తాను."

"ఒక్కదానివేనా?"

"నువ్వెప్పుడైనా ఇద్దరివి వెళ్ళావా?"

గడియ పడిందో లేదోనని వీధి చివర నుంచి వెనక్కి తిరిగే మనిషి. చిన్నమ్మ ఎంత చెప్పినా వినలేదు. బస్సులు మారాలంది, లాడ్జీలు ఎలాంటివో తెలియవంది, ఒంట్లో బాగోలేకపోతే ఎవరు చూస్తారంది. ఇవన్నీ ఎక్కడో విన్న మాటల్లా అనిపించి మధ్యలో ఆగింది. ప్రతి ప్రయాణానికీ ముందు మంచం మీద బ్యాగు పెట్టుకుని పెద్దమ్మ తనతో అన్న మాటలే ఇవి. ఎప్పుడూ చివరికి ఒకటే అనేది ఆవిడ. సరే, జాగ్రత్త, బ్యాగు నేను సర్దుతాను.

"సరే," అంది చిన్నమ్మ. "బ్యాగు నేను సర్దుతాను."

సర్దడం తనకు రాదని అప్పుడే తెలిసింది. బట్టలు పైన పెట్టాలో అడుగున పెట్టాలో తెలియలేదు. మంచం మీద కూచుని పెద్దమ్మ చెబుతుంటే ఒక్కొక్కటే పెట్టింది. బ్రెడ్డు, అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు పై అరలో పెట్టింది. చివరికి కాలిన గాయాల మందు కూడా పక్క జేబులో దోపింది.

"అది నాకెందుకే? నేనేమన్నా వెల్డింగుకు వెళ్తున్నానా?"

"ఉండనీ."

దుప్పటి మిగిలింది. ఇద్దరూ లేచారు. ఒకరి వీపు బీరువాకు, ఒకరి మడమ తలుపుకు. చిన్నమ్మ కొసలు పట్టుకుని నడిచి వెళ్ళి పెద్దమ్మ చేతికిచ్చింది. ఇచ్చాక వెంటనే వదల్లేదు. పెద్దమ్మ కూడా లాగలేదు. తరవాత గడ్డం కింది అంచు వదిలి, దుప్పటిని మళ్ళీ సగానికి మడిచి బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది.

బస్సులో పెద్దమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది, బొమ్మ ఉన్న వైపే. చిన్నమ్మ కిటికీ కింద నిలబడి జాగ్రత్తలు చెబుతూ ఉంది. పెద్దమ్మ వింటున్నట్టు తలూపుతూ ఆమె తల మీదుగా బొమ్మను చూస్తూ ఉంది. బస్సు కదిలింది. మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. తనకో, దిమ్మ మీద ఉన్నవాళ్ళకో చిన్నమ్మకు తెలియలేదు. ఇన్నేళ్ళూ వెళ్ళే బస్సులో తను ఉండేది. వెనక నిలబడటం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. చేతితొడుగులు వేసుకుని పనిలోకి వెళ్ళింది.

*

రేవున్న ఊరి నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. చేప నోట్లో పిల్లలు కూచుని బిస్కెట్లు తింటున్నారట. తను పేర్చిన పొలుసులు ఏవో గుర్తుపట్టాలని చూసిందట, అన్నీ తనవే అనిపించాయట. సముద్రం పెద్దగానే ఉందిగానీ చేప ముందు అంత పెద్దగా అనిపించలేదట. చిన్నమ్మ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో రుద్దే బిళ్ళ పట్టుకుని నవ్వుతుంటే మేస్త్రి ఏమిటేమిటని అడిగాడు.

ఆసుపత్రి ఊళ్ళో కుండ నీడలో నడుం వాలిస్తే ఒక నర్సు వచ్చి లేపిందట. రోగివా అని అడిగిందట. కాదు, ఈ కుండ చేసినావిడ తోడికోడల్ని అంటే, ఆ నర్సు ఇంకో నర్సును పిలుచుకొచ్చి టీ ఇప్పించిందట. జనం ఆ కుండ దగ్గర కూచుని ఎదురుచూస్తారట, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా. నీడ బాగా పడుతోంది, అది ముందే అనుకుని చేశావా అని అడిగింది. అనుకునే చేశానంది చిన్నమ్మ.

పైపూత వేస్తున్న రోజు సాయంత్రం వంతెన ఊరి నుంచి ఫోను వచ్చింది. సన్నగా చినుకులు పడుతున్నాయిట. వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు పక్షుల కింద నడిచిందట, మళ్ళీ వెనక్కి నడిచిందట.

"ఒక పక్షి తోక వంకరగా ఉందే. కావాలనే పెట్టావా?"

"కాదక్కా. అది మేస్త్రి పని."

"బాగుంది. దాన్ని మార్చకు." వెనక వాహనాల చప్పుడు వినబడింది. "చిన్నదానా, ఇవన్నీ మన షెడ్డులోంచి వచ్చాయంటే నాకే నమ్మకం కుదరడం లేదు. నన్ను బయటికి తీసుకొచ్చావు, మంచి పని చేశావు. రేపు పొద్దున్న బయలుదేరతాను. మీ ఆయనకి చెప్పు, ఉప్పు సీసా పక్కన ఉన్నది చక్కెర."

చిన్నమ్మ పని ముగించుకుని, మేస్త్రితో, ఖాళీ లారీతో ఇంటికి చేరింది. బ్యాగు తరవాత వచ్చింది. చిన్నమ్మ వెనక మెట్టు మీద నిలబడి దాన్ని తిరగేసి దులిపితే ఇసుకా, ఎర్రమట్టీ కలిసి రాలాయి. పెద్దమ్మ తిరిగి రాలేదు. ఆ ఫోను చేసిన మర్నాడే, వానలు మొదలైన వారంలో, గురువారం పొద్దున్న, వంతెన ఊరి లాడ్జిలో నిద్రలోనే పోయింది.